కాకి గూట్లో కోకిల గుడ్డు: సొంత బ్రూవరీ లేని బీర్ బ్రాండ్ల లెక్కలు

బ్రిటన్‌లో సొంత బ్రూవరీ లేకుండా బీర్ బ్రాండ్ నడిపేవాళ్లకి ఒక ముద్దుపేరు ఉంది, కుకూ బ్రూవర్లు అని. గూడు కట్టుకునే శ్రమ పడకుండా పక్క పిట్ట గూట్లో గుడ్డు పెట్టి వచ్చేసే కోకిల జాతి పిట్ట అన్నమాట. పేరు భలే కుదిరింది గానీ ఒక్క తేడా ఉంది. పాపం కాకికి ఆ గుడ్డు తనది కాదని తెలీదు, ఇక్కడ కాకికి అంతా తెలుసు, పైగా గుడ్డు గూట్లో ఎన్నాళ్లు ఉంటే అన్నాళ్లకి లెక్కగట్టి అద్దె వసూలు చేస్తుంది.

కాంట్రాక్ట్ బ్రూయింగ్ అనగానే చాలామంది అనుకునేది ఏంటంటే, మన రెసిపీ ఇస్తాం, వాళ్లు బీర్ చేసిస్తారు, మనం డబ్బులిస్తాం, అంతే కదా అని. కాగితం మీద అంతే. కానీ బ్రూవరీ అమ్మేది బీర్ కాదు, ట్యాంకులో రోజులు. వోర్ట్ కాయడానికి (మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, దాన్ని నానబెట్టి తీసిన తీపి ద్రవమే వోర్ట్) ఒక పగలు చాలు, పెద్ద బ్రూవరీలైతే రోజుకి ఆరేడు బ్యాచ్‌లు కూడా కాస్తాయి. తర్వాత అది ఫెర్మెంటర్లో (ఈస్ట్ వేసి పులియబెట్టే ట్యాంకు) కూర్చుంటుంది, ఏల్ రకం బీర్ అయితే రెండు మూడు వారాలు, సిసలైన లాగర్ రకం అయితే నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అన్ని రోజులూ ఆ ట్యాంకులో ఇంకోటి పొయ్యడానికి లేదు. అందుకే ఒకే సైజు బ్యాచ్‌కి లాగర్‌కి ఒక రేటు, ఏల్‌కి ఒక రేటు చెప్తే అందులో మోసమేమీ లేదు, అది ట్యాంకు అద్దె. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే అగ్రిమెంట్‌లో ఉండే మిగతా క్లాజులు సగం వాటంతటవే అర్థమవుతాయి.

అసలు బ్రూవరీ వాడు తన ట్యాంకు పక్కవాడికి ఎందుకిస్తాడు? ఖాళీగా ఉంది కాబట్టి. స్టీలు ఖాళీగా ఉన్నా బ్యాంకు వడ్డీ ఆగదు, బాయిలర్ మెయింటెనెన్స్ ఆగదు, జీతాలు ఆగవు. అమెరికాలో 1980లలో సరిగ్గా ఇదే జరిగింది. జాతీయ స్థాయి పెద్ద కంపెనీలు మార్కెట్ మింగేస్తుంటే పాత ప్రాంతీయ బ్రూవరీల సగం ట్యాంకులు దుమ్ము కొట్టుకుంటున్నాయి, చేతిలో పని తెలిసిన బ్రూవర్లున్నారు, బీరే లేదు. అటువైపు కొత్తవాళ్ల దగ్గర ఐడియా ఉంది, బ్రాండ్ ఉంది, ప్లాంటు పెట్టే డబ్బు లేదు. 1984లో మొదలైన బోస్టన్ బీర్ కంపెనీ తన శామ్యూల్ ఆడమ్స్ బీర్‌ని మొదట్లో పిట్స్‌బర్గ్ బ్రూయింగ్ కంపెనీలో కాయించింది. 1988లో వచ్చిన బ్రూక్లిన్ బ్రూవరీ పేరుకి బ్రూక్లిన్ గానీ బీర్ తయారైంది మాత్రం అదే న్యూయార్క్ రాష్ట్రంలో ఎక్కడో దూరంగా ఉన్న యూటికా ఊళ్లో, ఎఫ్.ఎక్స్. మ్యాట్ అనే పాత కుటుంబ బ్రూవరీలో. వీళ్లు ప్లాంటుకి పెట్టాల్సిన డబ్బు డెలివరీకీ అమ్మకాలకీ పెట్టుకున్నారు, ఆ దశలో అదే తెలివైన పని అనిపిస్తుంది, ఎందుకంటే అమ్మడం చేతగాని బ్రాండ్‌కి సొంత ట్యాంకులుంటే వచ్చేది అప్పు ఒక్కటే.

ఇందులోనే ఒక మెలిక ఉంది. ఈ ఏర్పాటంతా నిలబడింది ఎదుటివాడి ఖాళీ మీద. వాడి వ్యాపారం డల్‌గా ఉన్నన్నాళ్లు మనం ముద్దొస్తాం, వాడి సొంత బీర్ పుంజుకుందంటే మొదట లేచిపోవాల్సింది మన స్లాటే. పోనీ వాడు మరీ డల్ అయిపోతే? అప్పుడు ప్లాంటే మూతబడుతుంది. పీట్స్ విక్డ్ ఏల్ కథ అదే, 1986లో పాలో ఆల్టో బ్రూయింగ్ అనే చిన్న బ్రూవరీలో మొదలైంది, కొద్దికాలానికే ఆ బ్రూవరీ దివాలా తీసింది, బ్రాండ్ సామాన్లు సర్దుకుని మిన్నెసోటాలోని ఆగస్ట్ షెల్ బ్రూవరీకి మారాల్సొచ్చింది. అంటే కాకి మరీ బక్కచిక్కి ఉండకూడదు, మరీ బలంగానూ ఉండకూడదు, మధ్యలో ఉన్న కాకిని వెతుక్కోవాలి, అదీ కష్టం.

రెండో వైపు, అంటే కాకి మరీ బలంగా ఉన్న కేసు, అమెరికా బీర్ కంపెనీ పాబ్స్ట్‌ది. చిన్న బ్రాండేం కాదు, కానీ 1996లో మిల్వాకీ ప్లాంటు మూసేశాక మెల్లగా మొత్తం ఇతరుల ప్లాంట్ల మీదే ఆధారపడిపోయింది. పెద్ద బీర్ కంపెనీ మిల్లర్‌తో 1999లో కుదిరిన ఒప్పందం 2020 దాకా, ఆ తర్వాత పొడిగింపు ఇస్తారా లేదా అన్నదగ్గర గొడవ. మాకు అంత కెపాసిటీ ఉండదు అని మిల్లర్‌కూర్స్ (మిల్లర్ తర్వాతి రూపం) అంది, ఉంది, మమ్మల్ని తొక్కడానికే ప్లాంట్లు మూస్తున్నారని పాబ్స్ట్ కోర్టుకెక్కింది, 2018 నవంబర్‌లో ట్రయల్ అయిపోయే దశలో రాజీ పడ్డారు. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెడితే, "కెపాసిటీ ఉందా లేదా అని ఎవరు తేలుస్తారు" అనే ఒక్క వాక్యం మీద అంత పెద్ద కంపెనీ భవిష్యత్తు వేలాడింది. అలాంటప్పుడు ఏడాదికి పది బ్యాచ్‌లు కాయించుకునే చిన్న బ్రాండ్ ఆ క్లాజు చదవకుండా సంతకం పెడితే ఇంకేం చెప్పాలి.

ఇక ఒప్పందాల రకాలు. ఒకటి పూర్తి ప్యాకేజీ, మాల్ట్, హాప్స్ (బీర్‌కి చేదూ వాసనా ఇచ్చే పూలు), ఈస్ట్, క్యాన్, కార్టన్ అన్నీ బ్రూవరీయే కొంటుంది, కేసుకి ఇంత అని ఒకే రేటు చెప్తుంది. రెండోది టోలింగ్, ముడిసరుకు బ్రాండ్ వాడు తెచ్చిస్తాడు, బ్రూవరీ హెక్టోలీటరుకి ఇంత కూలీ అని తీసుకుంటుంది (హెక్టోలీటర్ అంటే 100 లీటర్లు). చూడ్డానికి టోలింగే చవగ్గా కనిపిస్తుంది, కానీ మాల్ట్ లారీ లేటైనా, హాప్స్ తక్కువొచ్చినా, ఖాళీగా పోయిన స్లాటుకి డబ్బు కట్టాల్సింది బ్రాండే. కొత్తగా దిగేవాళ్లకి మొదటి ఏడాది పూర్తి ప్యాకేజీయే నయం, రెండు రూపాయలు ఎక్కువైనా నిద్ర పడుతుంది.

అమెరికాలో వీటితో పాటు చట్టంలోనే ఇంకో దారి ఉంది, ఆల్టర్నేటింగ్ ప్రొప్రైటర్‌షిప్ అంటారు. కాంట్రాక్ట్ బ్రూయింగ్‌లో చట్టం కళ్లకి బ్రూవర్ ఎవరంటే ప్లాంటు యజమానే, రికార్డులూ టాక్సూ లేబుల్ అనుమతులూ అన్నీ వాడి మెడకే. ఈ వంతుల పద్ధతిలో బ్రాండ్ వాడు కూడా సొంతంగా బ్రూవర్‌గా రిజిస్టర్ అవుతాడు, ఒకే ప్లాంటుని వంతులేసుకుని వాడతారు, తన వంతులో ముడిసరుకూ తనదే బీరూ తనదే టాక్సూ తనదే. ఎందుకింత తతంగం అంటే టాక్సు స్లాబుల వల్ల. అక్కడ ఏడాదికి 20 లక్షల బ్యారెళ్లు దాటని బ్రూవరీకి మొదటి 60,000 బ్యారెళ్ల మీద ఫెడరల్ ఎక్సైజ్ బ్యారెల్‌కి 3.50 డాలర్లే, ఆపైన 16 డాలర్లు. (బ్యారెల్ అంటే దాదాపు 117 లీటర్లు.) ప్లాంటు యజమాని తన కోటా ఇప్పటికే వాడేసుకుంటే మన బీర్ మీద ఎక్కువ రేటు పడుతుంది, సొంత రిజిస్ట్రేషన్ ఉంటే మన కోటా మనకి. కానీ బదులుగా పేపర్ వర్క్ అంతా నెత్తికెక్కుతుంది, ఊరికే పేరుకి వంతు అని రాసుకుని పనంతా యజమాని మనుషులే చేస్తుంటే అధికారులు ఒప్పుకోరు.

ఇప్పుడు కాస్త దగ్గరగా ఒక బ్యాచ్ లెక్క చూద్దాం, బ్రాండ్లు మునిగేది ఎక్కువగా ఇక్కడే. బ్రూవరీ వాడు కనీస బ్యాచ్ 50 హెక్టోలీటర్లు అన్నాడనుకుందాం, అంటే 5,000 లీటర్లు. ఇది హాప్స్ దట్టించిన ఐపీఏ (ఏల్‌లోనే ఒక రకం) అనుకుంటే ఫెర్మెంటర్ అడుగున ఈస్టూ హాప్ మడ్డీ కలిసి ఒక పది శాతం తాగేస్తాయి, హాప్స్ ఇంకా ఎక్కువేస్తే ఇంకా పోతుంది, మిగిలింది 4,500. ప్యాకింగ్ లైన్లో నురగ, స్టార్టప్ వేస్టు, సగం నిండిన క్యాన్లు కలిపి ఇంకో మూడు శాతం, చేతికొచ్చేది సుమారు 4,365 లీటర్లు. 330 మిల్లీలీటర్ల క్యాన్లలో నింపితే 13,200 పైచిలుకు, 24 చొప్పున కేసులు కడితే 550. మరి బిల్లు 5,000 మీద వేస్తారా, 4,365 మీదా? ఈ 635 లీటర్లు ఎవరి ఖాతాలో పోయాయన్నది ముందే రాసుకోకపోతే మొదటి ఇన్‌వాయిస్ రోజే స్నేహం చెడుతుంది. ఇంత శాతం దాకా బ్రాండ్ భరించాలి, అది దాటితే బ్రూవరీ భరించాలి అని ఒక గీత గీసుకోవడమే మంచి పద్ధతి.

ఆ 550 కేసులు ఎన్నాళ్లలో అమ్ముడవుతాయన్నది అసలు ప్రశ్న. వారానికి 60 కేసులు కదిలే బ్రాండ్ అయితే తొమ్మిది వారాలు, ఫర్వాలేదు. కానీ చిన్న బ్రాండ్లకి ఒక జబ్బుంటుంది, మొదటి రోజే నాలుగు రకాలు దించేయాలని. అవే 60 కేసులు నాలుగు రకాల మధ్య పంచుకుంటే ఒక్కోటి వారానికి 15, అప్పుడు ఒక బ్యాచ్ అవ్వడానికి 36 వారాలు పైనే. హాప్స్ వాసన మీద బతికే ఐపీఏ మూడు నాలుగు నెలలకే చప్పబడిపోతుంది, తొమ్మిదో నెలలో తాగినవాడు మళ్లీ ఆ బ్రాండ్ మొహం చూడడు. తయారు చేసినవాడి తప్పు అనుకుంటాడు గానీ అది లెక్క తప్పు. సొంత చిన్న బ్రూవరీ ఉన్నవాడు 10 హెక్టోలీటర్లు కాచుకుని ఊరుకుంటాడు, కాంట్రాక్ట్‌లో ఆ స్వేచ్ఛ లేదు, వాడి ట్యాంకు సైజే మన ధైర్యం సైజు. అందుకే రకాలు తగ్గించుకోవడం తప్ప ఇంకో మందు లేదు.

క్యాన్ల గొడవ ఇంకోటి. అందంగా ప్రింటైన క్యాన్లు కావాలంటే తయారీ కంపెనీలు లారీ లోడుకి తక్కువ ఇవ్వవు, అమెరికాలో ఒక లోడు అంటే సుమారు 2,04,000 క్యాన్లు. 2022లో బాల్ కంపెనీ కాంట్రాక్ట్ లేని కస్టమర్లకి ఒక్కో డిజైన్‌కి కనీసం ఐదు లోడ్లు అంది, అంటే పది లక్షల పైన. పైన చెప్పిన 13,200 క్యాన్ల బ్యాచ్ పక్కన ఈ అంకె పెట్టి చూడండి, నవ్వాలో ఏడవాలో తెలీదు. అందుకే చిన్నవాళ్లు ప్రింట్ లేని క్యాన్ల మీద స్టిక్కరో ష్రింక్ స్లీవో వేసుకుంటారు, ఒక్కో క్యాన్‌కి ఖర్చు ఎక్కువే అయినా గోడౌన్ నిండదు. ప్రింటెడ్ క్యాన్లు తెప్పించి బ్రూవరీ గోడౌన్లో పెట్టినవాళ్లు కాంట్రాక్ట్ రద్దయ్యాక వాటి డబ్బు కట్టాల్సిందే, ఈ క్లాజు దాదాపు అన్ని అగ్రిమెంట్లలో ఉంటుంది, దాదాపు ఎవరూ చదవరు.

రెసిపీ సంగతికొద్దాం. ఇంట్లో 20 లీటర్ల కుండలో అదిరిపోయిన బీర్‌ని 50 హెక్టోలీటర్లకి అంటే 250తో గుణించేస్తే అదే బీర్ రాదు. చిన్న కుండ పావుగంటలో చల్లారుతుంది, పెద్ద కెటిల్లో వోర్ట్‌ని తిప్పి మడ్డి దించి చల్లార్చేసరికి గంట పైనే పడుతుంది, వాసన కోసం చివర్లో వేసిన హాప్స్ ఆ గంటా వేడిలో మగ్గి చేదు దింపుతాయి. పది మీటర్ల పొడుగు ట్యాంకులో అడుగున ఉన్న ఈస్ట్ మీద ఒత్తిడి ఎక్కువ, అది పండ్ల వాసనలు తక్కువ వదులుతుంది, బెల్జియన్ తరహా బీర్‌కి ఆ వాసనలే ప్రాణం. నీళ్ల లవణాలు వేరు, మిల్లు వేరు, మాల్ట్‌లోంచి చక్కెర లాగే సామర్థ్యం వేరు. అందుకే అనుభవమున్న బ్రాండ్లు రెసిపీని "ఇన్ని కిలోలు" అని ఇవ్వవు, ఫలితం ఇలా ఉండాలని స్పెక్ షీట్ ఇస్తాయి: మొదటి గ్రావిటీ (చక్కెర వల్ల వచ్చే సాంద్రత) ఇంత, చివరి గ్రావిటీ ఇంత, ఆల్కహాల్, చేదు, రంగు, పీహెచ్, గ్యాస్, క్యాన్లో మిగిలే ఆక్సిజన్. హాప్స్ ఎక్కువున్న బీర్లకి ఆ ఆక్సిజన్ 50 పీపీబీ లోపే ఉండాలని చాలామంది గీత గీస్తారు, అంటే వంద కోట్లలో 50 వంతులు. కిలోలు ఎన్ని వెయ్యాలన్నది ఆ ప్లాంటు తెలిసిన బ్రూవర్‌కి వదిలేయడమే మేలు.

ఒక చిన్న సీన్ ఊహించుకోండి. లేబుల్ మీద 5.0 శాతం అని అచ్చయి ఉంది, ట్యాంకులో బీర్ 4.6 దగ్గర ఆగిపోయింది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 5.5 శాతం దాకా ఉన్న బీర్లకి అటూ ఇటూ 0.5 చెల్లుతుంది, అక్కడ అమ్మేయొచ్చు. అమెరికాలో వెసులుబాటు 0.3 మాత్రమే, అక్కడ అదే బీర్ ఆ లేబుల్‌తో బయటికి పోకూడదు. ట్యాంకు పదిహేనో రోజులో ఉంది, ఎల్లుండి ఆ ట్యాంకులోకి ఇంకో బ్రాండ్ బీర్ రావాలి, ప్యాకింగ్ లైన్ రేపు పొద్దున్న ఆరింటికి బుక్కయింది. బ్రూవరీ మేనేజర్ ఫోన్లో "ఓకే చెప్తారా, పారబొయ్యమంటారా" అని అడుగుతున్నాడు. ఆ క్షణంలో కావాల్సింది నోటి దూకుడు కాదు, ఎవరు టేస్ట్ చేసి ఎవరు సంతకం పెడితే బీర్ రిలీజవుతుంది, స్పెక్ తప్పితే బ్యాచ్ ఖర్చు ఎవరిది అన్న పేజీ. ఆ పేజీ లేని చోట సహజంగానే ట్యాంకు ఉన్నవాడి మాటే నెగ్గుతుంది, ఎరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు.

ఈస్ట్ దగ్గర ఇంకో చిక్కు. చాలా బ్రూవరీలు బయటి ఈస్ట్‌ని గుమ్మం తొక్కనివ్వవు, మా హౌస్ ఈస్ట్ వాడుకోండి అంటాయి. ఇది బెట్టు కాదు, భయం. డయాస్టాటికస్ అనే ఒక రకం ఈస్ట్ ఉంది, మామూలు ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరల్ని కూడా ఇది మెల్లగా తినేస్తుంది. పైపులో ఎక్కడో ఒక గ్యాస్కెట్ వెనక దాక్కుని ఇంకో బ్రాండ్ బీర్లోకి చేరిందంటే, నెల తర్వాత షెల్ఫ్ మీద క్యాన్లు ఉబ్బుతాయి, కొన్ని పేలతాయి కూడా. ఒకే పైపుల్లోంచి నలుగురి బీర్లు వెళ్లే చోట ఒకడి సరదా నలుగురి రీకాల్ అవుతుంది. కాబట్టి ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని క్యాన్లు తీసి దాచిపెట్టడం, రీకాల్ ఇన్సూరెన్స్ ఎవరి పేర తీసుకోవాలో తేల్చుకోవడం తప్పదు.

రెసిపీ దొంగిలిస్తారేమో అన్న భయం మాత్రం అందరూ పడేదే, నిజానికి అంత సీన్ లేదు. పేల్ ఏల్ రెసిపీలో ఎవరూ చూడని రహస్యం ఏముంటుంది. దాచుకోవాల్సింది ట్రేడ్‌మార్క్, అది బ్రాండ్ పేరనే ఉందా లేదా చూసుకోవాలి. కాకపోతే బ్రూవరీలోని బ్రూవర్ మూడు బ్యాచ్‌లు కిందామీదా పడి సరిచేసిన ఆఖరి ప్రాసెస్ షీటు ఎవరి సొత్తు అన్నది మాత్రం రాసుకోవాలి, రేపు ప్లాంటు మారాల్సొస్తే అది చేతిలో లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బు తిరిగే దారి కూడా ఇబ్బందే. ముడిసరుకు, క్యాన్లకి అడ్వాన్స్ ముందే కట్టాలి, ప్యాకింగ్ అయిన రోజు మిగతా బిల్లు, ఎక్సైజ్ సరుకు గేటు దాటగానే పడుతుంది కాబట్టి బ్రూవరీ దాన్ని కూడా వెంటనే అడుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ మాత్రం 30 రోజులకో 60 రోజులకో కడతాడు. మొదటి బ్యాచ్ డబ్బు చేతికి రాకముందే రెండో బ్యాచ్ స్లాటుకి అడ్వాన్స్ కట్టే టైమొస్తుంది, అమ్మకాలు పెరిగేకొద్దీ ఈ గ్యాప్ ఇంకా పెరుగుతుంది. బాగా అమ్ముడుపోతూనే డబ్బుల్లేక ఆగిపోయే బ్రాండ్లు ఇక్కడే ఆగుతాయి.

కాంట్రాక్ట్ బ్రూయింగ్ అంటే మోసమా అన్న వాదన కూడా పాతదే. 1996లో అమెరికాలో బడ్వైజర్ తయారుచేసే ఆన్‌హైజర్ బుష్ దీని మీద గట్టిగా పోట్లాడింది, బీర్ నిజంగా ఎక్కడ తయారైందో లేబుల్ మీద రాయాలని ప్రభుత్వానికి పిటిషన్ పెట్టింది, అదే ఏడాది ఎన్‌బీసీ డేట్‌లైన్ ప్రోగ్రాం శామ్యూల్ ఆడమ్స్‌ని టీవీలో నిలదీసింది. పోటీ కంపెనీకి ఉన్నట్టుండి నిజాయితీ మీద ప్రేమ పుట్టడం వెనక ఏముందో చెప్పక్కర్లేదు గానీ, ప్రశ్నలో కొంత నిజమైతే ఉంది: ఊరి పేరు అమ్ముకుంటూ ఆ ఊళ్లో చుక్క కూడా కాయకపోతే తాగేవాడికి చెప్పాలి కదా. డెన్మార్క్‌లో 2006లో మొదలైన మిక్కెల్లర్ దీన్ని తిరగేసింది. మాకు బ్రూవరీ లేదు, బెల్జియంలోని డి ప్రూఫ్ లాంటి చోట్ల కాయిస్తాం అని బాహాటంగానే చెప్పుకుంది, ఆ దేశదిమ్మరితనమే బ్రాండ్‌కి గుర్తింపైంది. దాచినప్పుడు తప్పులా కనిపించింది, చెప్పుకుంటే స్టైల్ అయింది.

పెద్దయ్యాక చాలామంది సొంత గూడు కట్టుకుంటారు, కానీ అద్దె గూడు పూర్తిగా వదలరు. బోస్టన్ బీర్ 1997లో సిన్సినాటిలో పాత బ్రూవరీ కొనుక్కుంది. బ్రూక్లిన్ వాళ్లు 1996లో బ్రూక్లిన్‌లోనే విలియమ్స్‌బర్గ్ అనే పేటలో సొంత బ్రూవరీ తెరిచాక కూడా సీసాల పని యూటికాలోనే సాగించారు, నగరం మధ్యలో సీసాల లైనుకి చోటూ ఖర్చూ ఎక్కడ సరిపోతాయి. ఇక సొంత ప్లాంటు కట్టేవాడు రేపటి అమ్మకాలకి సరిపడేలా పెద్దగా కడతాడు, రేపు వచ్చేదాకా సగం ట్యాంకులు ఖాళీగా ఉంటాయి, వడ్డీ ఆగదు. అప్పుడు వాడు ఫోన్ తీసి, సొంత బ్రూవరీ లేని కొత్త బ్రాండ్ ఏదైనా స్లాటు కోసం చూస్తోందా అని వాకబు మొదలుపెడతాడు.